నవలలో కాలక్రమం: పాత్ర మనసూ సమాజమూ

మన సభల్లో నవల మీద చర్చ జరిగినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. కథని వరసగా చెప్పకుండా, వెనకటి సంగతి ముందూ ముందటి సంగతి వెనకా పెట్టి, ఒక పాత్ర బుర్రలో కూచుని రాసిన నవల ఏదైనా సరే, అది సమాజం నుంచి పారిపోయిన నవల అని. ఈ మాట అనేవాళ్లందరూ ఆ నవలలు పూర్తిగా చదివే అంటారని నేను నమ్మను. మొదటి ఇరవై పేజీల్లో కథ దొరక్క విసుగెత్తి పుస్తకం మూసేసి, ఆ విసుగుకే సిద్ధాంతమని పేరు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. రెండో వైపు ఉన్నవాళ్లు ఇంతకంటే మెరుగేమీ కాదు. కథ వరస తప్పితే చాలు, అది ఎదిగిన శిల్పమంటారు. వరసగా సాగితే పాతకాలపు రచన అంటారు. ఈ ఇద్దరి మధ్యా తేడా కనిపిస్తుంది గానీ ఇద్దరూ చేసే తప్పు ఒకటే. శిల్పానికి దానంతటదే ఒక వర్గస్వభావం ఉంటుందనుకోవడం ఆ తప్పు.

ఈ తగాదా మనం మొదలుపెట్టింది కాదు. 1934లో మాస్కోలో సోవియట్ రచయితల మహాసభ జరిగినప్పుడు కార్ల్ రాదెక్ జేమ్స్ జాయిస్ మీద విరుచుకుపడ్డాడు. 1904 జూన్ 16న డబ్లిన్ నగరంలో గడిచిన ఒక్క రోజుని వందల పేజీలుగా రాసిన 'యులిసిస్' ఆయన కంటికి కుళ్లిన సమాజపు చెత్తని భూతద్దంలో చూపించడంగా కనిపించింది. ఆ తరవాత మనవాళ్లు ఎక్కువగా ఉదాహరించింది లూకాచ్‌ని. కానీ లూకాచ్ చెప్పిన దాంట్లో సగమే మన దగ్గరికి వచ్చింది. ఆయన జాయిస్‌నీ థామస్ మన్‌నీ పక్కపక్కన పెట్టి చూశాడు. మన్ కూడా 1939 నాటి నవలలో గోథే మనసులోని ఆలోచనల ప్రవాహాన్ని అదే పద్ధతిలో రాశాడు. పద్ధతి ఒకటే, ఫలితం వేరు అన్నాడు లూకాచ్. ఒకచోట ఆ ప్రవాహం మనిషిని తెలుసుకునే సాధనం. మరోచోట ఆ ప్రవాహమే సర్వస్వం. అంటే ఆయన అభ్యంతరం పద్ధతి మీద కాదు, దాని వెనక ఉన్న దృక్పథం మీద. బ్రెహ్ట్ ఇంకా ముందుకి వెళ్లి, బాల్జాక్ పద్ధతిని శాశ్వతం చేసి కొత్త సాధనాలన్నిటినీ కాదనడమే అసలు రూపవాదమని వాదించాడు. 1930ల చివర రాసిన ఆ వ్యాసాలు ఆయన బతికుండగా అచ్చు కాలేదు. అచ్చయి ఉంటే మన దగ్గర కొన్ని తీర్పులు కాస్త తగ్గి ఉండేవేమో.

మాస్కో దాకా పోనక్కరలేదు. 'చరమరాత్రి' కథల్లో చైతన్యస్రవంతిని ప్రయత్నించింది శ్రీశ్రీయే. 'అల్పజీవి'ని ఒక భయస్తుడి మనసులోంచి రాసింది రాచకొండ విశ్వనాథశాస్త్రి. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు శ్రీశ్రీ. సంఘాన్ని నిలబెట్టినవాళ్లలో రావిశాస్త్రి ఒకడు. వాళ్లు సమాజం నుంచి పారిపోయారని ఎవరూ అనలేరు. అయితే, మనవాళ్లు రాశారు కనక మంచిదే అనడం కూడా వాదం కాదు. నవల దగ్గరికే వెళ్లి చూడాలి.

ముందు ఒక చిన్న విషయం తేల్చుకుందాం. ఒక కౌలురైతు అప్పుల పాలై ఉరి వేసుకున్నాడు. దీన్ని వరసగా చెబితే ఆ చావు చివరి పేజీలో వస్తుంది. అప్పటిదాకా పాఠకుడు వాన పడుతుందా, పంట చేతికొస్తుందా, షావుకారు ఆగుతాడా అని ఎదురుచూస్తూ చదువుతాడు. చివర చావు చూసి ఏడుస్తాడు. అదే చావుని మొదటి పేజీలో పెట్టండి. ఇక ఏం జరుగుతుందన్న ప్రశ్న లేదు. ఎందుకు జరిగిందన్నదే ప్రశ్న. తరవాత వచ్చే ప్రతి సంతోషమూ, కూతురికి కొన్న గాజులూ, కొత్తగా వేయించిన బోరూ, శవపంచనామాలో ఒక్కో సాక్ష్యమవుతాయి. పాఠకుడు ఏడవడం మాని లెక్క చూడడం మొదలుపెడతాడు. వరస మార్చడంలో ఉన్న బలం ఇదే, చిన్న బలం కాదు.

కానీ దానికి ఖరీదూ ఉంది. చావు మొదటి పేజీలోనే ఖాయమైపోయినప్పుడు, అది తప్పిపోయే అవకాశం ఉన్న క్షణాలు పాఠకుడికి అవకాశాలుగా కనిపించవు. ఆ రోజు ఊళ్లో పదిమంది కలిసి షావుకారు గుమ్మం దగ్గర నిలబడితే ఏమయ్యేదో అన్న ఆలోచనకి ఊపిరాడదు. జరిగింది జరగక తప్పదన్న భావం నవలంతా పరుచుకుంటుంది. మనలాంటి రచయితలకి ఇది చిన్న నష్టం కాదు. పరిస్థితులు మనిషిని తయారుచేస్తాయనీ, మనిషి పరిస్థితుల్ని మారుస్తాడనీ నమ్మేవాళ్లం మనం. ఆ రెండో సగం చేజారితే మిగిలేది తలరాతే.

ఇప్పుడు 'అల్పజీవి' సంగతి. 1950ల్లో భారతి మాసపత్రికలో వచ్చిన నవల ఇది. సుబ్బయ్య గుమాస్తా. ఆఫీసులో పై అధికారంటే భయం, ఇంట్లో భార్య సావిత్రంటే భయం, బావమరిది వెంకట్రావంటే భయం, కంట్రాక్టరు గవరయ్యంటే ప్రాణాలు పోయేంత భయం. బావమరిది పట్టు మీద గవరయ్య దగ్గర డబ్బు తీసుకోవడంతో ఆ భయానికి ఒక రూపం ఏర్పడుతుంది. కథగా చెప్పుకుంటే ఇంతే. కానీ నవలలో జరిగే దానికంటే జరగబోతుందని సుబ్బయ్య అనుకునేదే ఎక్కువ. గవరయ్య ఎదురుపడక ముందే సుబ్బయ్య మనసులో నూరుసార్లు ఎదురుపడి ఉంటాడు. అందరూ జ్ఞాపకాలతో కాలాన్ని వెనక్కి తిప్పితే, రావిశాస్త్రి భయంతో ముందుకి తిప్పాడు. భయస్తుడు ఇవాళ బతకడు, రేపట్లోనే బతుకుతాడు.

ఇక్కడే మన విమర్శకులు చూడకుండా దాటిపోయిన సంగతి ఒకటుంది. సుబ్బయ్య మనసు ముందుకీ వెనక్కీ ఊగడానికి ఆధారం అతని నరాల బలహీనత ఒక్కటే కాదు. అప్పు. అప్పుకి కాలక్రమం లేదు. నిన్న వాడుకున్నదాన్ని రేపు సంపాదించబోయే దానితో ఇవాళ లెక్క కట్టడమే అప్పు. అప్పున్నవాడి బుర్రలో నిన్నా రేపూ ఒకేసారి ఉంటాయి. గుమాస్తా జీతం మీద బతికే కుటుంబాలు ఎరిగినవాళ్లకి ఈ సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి సుబ్బయ్య ఆలోచనల గందరగోళాన్ని ఫ్రాయిడ్ ఖాతాలో మొత్తంగా వేసేయడం అన్యాయం. అందులో సగం గవరయ్య ఖాతాలో వేయాలి. ఈ నవలలో సమాజం ఏదని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే: సుబ్బయ్య ఆలోచనలు వరస తప్పినచోటల్లా సమాజమే ఉంది.

ఇంకొక మెలకువ కూడా రావిశాస్త్రి పాటించాడు. పాత్ర మనసులో కూచున్నా తన నవ్వుని బయటే ఉంచుకున్నాడు. సుబ్బయ్య మీద జాలి పడుతూనే అతన్ని చూసి నవ్వుతాం. ఆ నవ్వు లేకపోతే పాఠకుడు సుబ్బయ్యలో కలిసిపోయి, అతని పిరికితనాన్ని లోకనీతిగా ఒప్పేసుకునే ప్రమాదముంది. గోపీచంద్ 1940ల్లోనే 'అసమర్థుని జీవయాత్ర'లో ఇంకో రకంగా ఈ జాగ్రత్త తీసుకున్నాడు. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట సీతారామారావు జీవితమంతా వెంటాడుతుంది. ఆ మాట పుట్టిన భూస్వామ్య లోకం కూలిపోయింది, మాట మాత్రం మిగిలింది. గోపీచంద్ అతని మనసుని మనకి చూపిస్తూనే పక్కన నిలబడి వాదిస్తాడు, తగువు పెట్టుకుంటాడు. కొన్నిచోట్ల ఆ వాదన ఎక్కువైందన్నది నిజమే. కానీ నాయకుడికి లొంగిపోకుండా పాఠకుణ్ని కాపాడేది ఆ తగువే.

'అంపశయ్య'లో నవీన్ ఈ కాపలా తీసేశాడు. 1969లో పుస్తకంగా వచ్చిన ఈ నవల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. తెల్లవారి లేచింది మొదలు అర్ధరాత్రి దాకా. గడియారం ప్రకారం చూస్తే ఇంత వరసైన నవల తెలుగులో ఇంకోటి లేదు. పొద్దున తరవాత మధ్యాహ్నం, మధ్యాహ్నం తరవాత సాయంత్రం. వరస తప్పేదంతా రవి బుర్రలోనే. హాస్టలు గదిలో ఉన్నవాడు హఠాత్తుగా పల్లెలో ఉంటాడు; క్లాసు గురించి ఆలోచిస్తున్నవాడు ఇంటి పేదరికంలోకి జారిపోతాడు.

ఈ జారిపోవడం ఎందుకు జరుగుతుందో చూస్తేనే ఈ నవల విలువ తెలుస్తుంది. తెలంగాణ పల్లె నుంచి మొదటిసారి విశ్వవిద్యాలయానికి వచ్చిన తరం రవిది. వెనక ఒక ఇల్లుంది. ఆ ఇల్లు తన ఆశలన్నీ అతని చదువు మీద పెట్టింది. అది కూడా అప్పులాంటిదే. కాగితం మీద రాసుకోని అప్పు. డబ్బున్న విద్యార్థికి హాస్టల్లో గడిపే గంట ఉత్త గంట మాత్రమే. రవికి ఆ గంటలో ఊరు కూడా ఉంటుంది, రేపటి పరీక్షా ఉంటుంది, పరీక్ష తరవాత దొరకని ఉద్యోగమూ ఉంటుంది. ఒకే గదిలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లకి ఒకే గడియారం వేరువేరు కాలాల్ని చూపిస్తుంది. దీన్ని వరస కథనంలో చెప్పాలంటే రచయిత ఆగి వ్యాఖ్యానం రాయాలి. నవీన్‌కి వ్యాఖ్యానం అక్కరలేకపోయింది. పల్లెల నుంచి పట్నం కాలేజీలకి వచ్చి ఈ పుస్తకం చదివినవాళ్లు రవిలో తమని చూసుకున్నారంటే కారణం ఇదే. తన ఆలోచనల్లో ఇంగ్లీషు మాటలు కలగలిసి దొర్లడం కూడా ఆ తరం నిజమే, దాన్ని భాషాదోషంగా ఎంచినవాళ్లు ఆ హాస్టళ్లలో ఉండి ఉండరు.

అయితే ఈ నవలతో నాకు పేచీ లేకపోలేదు. రవి మనసులోంచి తప్ప దేన్నీ చూడలేం కనక, పల్లె అతని జ్ఞాపకంగానే మిగిలిపోయింది. తల్లిదండ్రులు గతంలోనే ఉంటారు. ఆ రోజు, ఆ గంటలో, అక్కడ పొలంలో వాళ్లకీ ఒక వర్తమానం ఉందన్న సంగతి నవల మరిచిపోయేటట్టు చేస్తుంది. కొడుకు అపరాధభావానికి ముడిసరుకుగా తప్ప తండ్రి కనపడడు. ఇంకొకటి, ఆలోచనలన్నిటికీ ఒకే బరువు. ఒక అమ్మాయిని చూసినప్పటి ఉద్వేగమూ, ఇంటి నుంచి డబ్బు రాలేదన్న దిగులూ ఒకే పొడుగున సాగుతాయి. మనసు అలాగే ఉంటుందని అనవచ్చు. మనసు అలాగే ఉంటుంది, కానీ నవల మనసు కాదు. నవలలో ఎవరో ఒకరు ఎంచాలి. ఎంచే బాధ్యత రచయిత వదిలేస్తే అది పాఠకుడి నెత్తిన పడుతుంది. పాఠకుడు తనకి నచ్చింది ఎంచుకుంటాడు, నచ్చనిది దాటేస్తాడు.

స్త్రీ పాత్రల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతిలోని లోపం ఇంకా బయటపడుతుంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గొప్ప నవల అనడానికి నాకు సంకోచం లేదు. తల్లి శీలం మీద లోకం వేసిన నింద దయానిధి ప్రతి అనుబంధంలోకీ ఎలా దూరుతుందో, పాత గాయం కొత్త మనిషిని ఎలా కనపడనివ్వదో ఆ నవల చూపినంత సూక్ష్మంగా మరొకటి చూపలేదు. కానీ కోమలి, అమృతం, ఇందిర గురించి మనకి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం దయానిధికి తెలిసిందే. వాళ్లు అతని ప్రశ్నకి జవాబులుగా వస్తారు, పోతారు. వాళ్ల ప్రశ్నలేమిటో అడిగే తీరిక నవలకి లేదు. ఒక మనిషి మనసులో అంత లోతుకి దిగిన నవల, పక్కన ఉన్న మనుషుల వాకిట్లోనే ఆగిపోయింది.

దీని పక్కన డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' పెట్టి చూడండి. 1950ల చివర వచ్చిన ఈ నవలలో కథ వరసగానే నడుస్తుంది. చైతన్యస్రవంతి లేదు, కాలాన్ని తారుమారు చెయ్యడం లేదు. అయినా ఇందిర మన సాహిత్యంలో చాలామంది నాయికల కంటే నిండుగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆమె ఏం అనుకుందో రచయిత్రి చెప్పే దాని కంటే ఏం చేసిందో చూపించేది ఎక్కువ. బాధ్యత లేని తండ్రి ఇంటిని ఉద్యోగం చేసి మోస్తూ, ఆ బరువులోంచే తన నీతిని తానే తయారుచేసుకున్న అమ్మాయి. ఆమె తప్పులు ఆమెవే, లెక్కలూ ఆమెవే. ప్రకాశం వెనక్కి తగ్గినచోట ఆమె తగ్గదు. పాత్ర ప్రధానంగా రాయడమంటే పాత్ర తలలోకి దూరడమేనన్న భ్రమ ఉన్నవాళ్లు ఈ నవల రెండుసార్లు చదవాలి.

పాత్ర ప్రధానంగా రాయడమూ, కాలక్రమం తప్పించడమూ రెండు వేరువేరు పనులు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ఉన్నది పందులు కాసే ఒక ముసలివాడు, ఇంటికి రాని పంది కోసం అతను అడవిలో గడిపిన ఒక రాత్రి. చీకటి పడుతుంది, రాత్రి గడుస్తుంది, తెల్లవారుతుంది. వరస ఎక్కడా పెద్దగా తప్పదు. నవలంతా ఒకే మనిషి. కానీ ఆ మనిషి మనసు ఎప్పుడూ చేతుల్లోనే ఉంటుంది. ఏ చప్పుడు వినాలి, ఎక్కడ అడుగు వెయ్యాలి అన్నదే అతని ఆలోచన. శ్రమ చేసేవాడి మనసు మధ్యతరగతి యువకుడి మనసులా పనికి దూరంగా కూచుని తిరగదు. చైతన్యస్రవంతి మన దగ్గర ఎక్కువగా గుమాస్తాలకీ విద్యార్థులకీ దక్కిందంటే, రాసినవాళ్లు వాళ్లే కనక. కూలిమనిషి బుర్రలో ఆలోచనలు ప్రవహించవని దాని అర్థం కాదు.

వరస కథనాన్ని తీసిపారెయ్యకూడదనడానికి మహీధర రామమోహనరావు 'కొల్లాయిగట్టితేనేమి?' ఒక్కటి చాలు. 1965లో వచ్చిన ఆ నవల సహాయ నిరాకరణ నాటి కోనసీమ గురించి. అక్కడ ఏది ముందు, ఏది తరవాత అన్నదే విషయం. ఉద్యమం రాక ముందు రామనాథం చెయ్యలేని పని ఉద్యమం వచ్చాక చెయ్యగలిగాడు. ఆ తేడా చూపాలంటే ముందుని ముందూ తరవాతని తరవాతా పెట్టక తప్పదు. దాన్ని ముక్కలు చేసి కలిపితే చరిత్ర పోయి రామనాథం మనసు మిగిలేది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' కూడా ఆ వరసలోనే బలం తెచ్చుకున్నాయి. బాధ వాటిని అనుకరించినవాళ్లతోనే. దోపిడీ, తరవాత చైతన్యం, తరవాత తిరుగుబాటు. పదో పేజీలో దొర గడీ కనపడగానే మూడువందల పేజీల సంగతి పాఠకుడికి తెలిసిపోతుంది. శవంతో మొదలుపెట్టే నవల ఎలా తలరాత అవుతుందో, జెండాతో ముగియడం ముందే ఖాయమైన నవలా అలాగే అవుతుంది. గెలుపు తప్పదని తెలిసినచోట ఓడిపోయే భయం ఉండదు. ఆ భయం లేని పాత్ర ధైర్యం ఎవరికీ పట్టదు. ఈ రకం రాతప్రతులు ఏడాదికి ఎన్ని చదవాల్సి వస్తుందో సంపాదకులకి తెలుసు.

వరస తప్పిన రాతప్రతులూ ఇప్పుడు తక్కువేం కాదు. చేనేత మీద నవల రాసిన ఒక యువ మిత్రుడు తన రాతప్రతి నాకిచ్చాడు. అధ్యాయాలకి అంకెలున్నాయి, పేజీలకి లేవు. బస్సు దిగుతూ సంచి జార్చుకున్నాను. కాగితాలన్నీ కలిసిపోయాయి. ఏరి, చేతికొచ్చినట్టు దొంతర పెట్టి చదివాను. ఒక అధ్యాయం చివర ఇంకో అధ్యాయం మొదలు వచ్చి చేరినచోట్ల తప్పితే నాకెక్కడా ఇబ్బంది కలగలేదు. ఆ మాటే అతనికి చెప్పాను. అతను దాన్ని ప్రశంస అనుకున్నాడు.

ప్రశంస కాదు. 'అల్పజీవి'లో రెండు ఘట్టాలు అటూ ఇటూ మార్చండి, సుబ్బయ్య భయం కూలిపోతుంది. 'అంపశయ్య'లో మధ్యాహ్నపు జ్ఞాపకాన్ని పొద్దుటికి తెచ్చి పెట్టండి, అది పాతబడిపోతుంది. వరస తప్పిన నవలకి వరసైన నవల కంటే ఎక్కువ వరస ఉండాలి. మిత్రుడి నవలలో మగ్గం ఆగిన రోజు, మాస్టర్ వీవర్ నూలు ఆపిన రోజు, పెద్దకొడుకు సూరత్ వెళ్లిన రోజు మూడూ మూడు చోట్ల ఉన్నాయి. ఏది దేనివల్ల జరిగిందో తెలియకుండా ఉన్నాయి. పాఠకుడు వెతుక్కుంటాడని అతని సమాధానం. వెతుక్కుంటే దొరికేటట్టు పెట్టాలి కదా అన్నాను. నూలు ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో రాయడం కష్టమైనచోటల్లా అతను ఇంకో జ్ఞాపకంలోకి వెళ్లిపోయాడు. నేను భయపడేది దీనికే. కార్యకారణ సంబంధం తెలిసి దాన్ని విరిచి చూపడం వేరు, తెలియక విరిగిపోవడం వేరు. మొదటిది శిల్పం. రెండోదాన్ని శిల్పమని చెలామణీ చెయ్యడం ఈ మధ్య సులువైపోయింది.

చెయ్యాల్సిన పని ఇంకా ఎంతో మిగిలి ఉంది. వడ్డెర చండీదాస్ 'అనుక్షణికం'లో 1970ల ఉస్మానియా క్యాంపస్‌ని పెద్ద పాత్రల గుంపుతో పట్టుకోవాలని చూశాడు. ఒక్క బుర్రలోంచి బయటపడాలన్న ప్రయత్నంగా దాన్ని గౌరవిస్తాను. కానీ అంతమంది మధ్య పాఠకుడు తరచు హాజరుపట్టీ చూస్తున్నట్టు అవుతుంది. ఒక సమ్మె రాత్రిని పదిమంది మనసుల్లోంచి, పదిమంది నిన్నల్లోంచీ రేపుల్లోంచీ, ఎవరి బరువు వాళ్లకిస్తూ రాసిన నవల నా కంటికి ఇంకా పడలేదు. సమ్మెలో ఉన్నవాడికి ఆ రాత్రి కొత్తది కాదు. వాళ్ల నాన్న చేసిన సమ్మె కూడా అందులో ఉంటుంది, రేపు పొద్దున పాలవాడికి ఇవ్వాల్సిన బాకీ కూడా ఉంటుంది. వరస కథనానికి ఇది అందదు. ఒంటి మనిషి చైతన్యస్రవంతికీ అందదు.

మిత్రుడు నవల తిరగరాస్తున్నాడు. నూలు ఆగిన అధ్యాయం ఇప్పుడు నాలుగోదయింది. తల్లి మగ్గం గుంట పూడ్చే అధ్యాయం మాత్రం మొదట్లోనే ఉండాలని పట్టుపడుతున్నాడు. చివర ఉండాలని నేను. మొదట పెడితే పాఠకుడు ఎందుకు పూడ్చింది అని అడుగుతాడు కదా అని నా మాటే నా మీదికి తిప్పాడు. పూడ్చకుండా ఉండే దారి ఆమెకి ఏనాడైనా ఉందా, ఉంటే ఆ రోజు ఏ అధ్యాయంలో ఉంది అని నేను అడిగాను. ఇంకా రాయలేదన్నాడు.